ఆరడుగుల బొంత

జీతం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు పడుకునే చోటు తేల్చండి అన్నాడు అబ్దుల్ షుకూర్.

జగన్నాథరావుకు నవ్వొచ్చింది. "బండి నిండా మంచాలే కదయ్యా! వెనకాల ఉన్న డబుల్ కాట్ మాది. నీకు ఇదిగో, క్యాబిన్ మీద ఈ బెర్తు. మహారాజులా పడుకో."

షుకూర్ చెప్పులు కింద విడిచి, లోపలికెక్కి, డ్రైవరు సీటు వెనక నిలబడి ఆ బెర్తును జేనలతో కొలిచాడు. పొడవు ఎనిమిది జేనలు. వెడల్పు మూడు జేనల మీద నాలుగు వేళ్ళు. ఇంటికెళ్ళేదాకా ఆ అంకెలు మరిచిపోకుండా నోట్లో అనుకుంటూనే నడిచాడు. భార్య రహీమున్నీసా తన పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, చుట్టూ ఆకుపచ్చ పట్టీ వేసి, సరిగ్గా ఆ కొలతకు బొంత కుట్టింది. ఆరడుగుల బొంత.

"ముప్పై నాలుగేళ్ళు లారీ తోలారు. ఏ ఓనరన్నా మీకు మంచం చూపించాడా?" అంది దారం కొరుకుతూ. "ఈయనెవరో పుణ్యాత్ముడిలా ఉన్నాడు."

షుకూర్ పద్నాలుగో ఏట తెనాలిలో లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. ఇరవై మూడో ఏట స్టీరింగు పట్టాడు. బియ్యం బస్తాలతో కలకత్తా, గౌహతి, నాగపూర్ తిరిగాడు. తిరిగాడన్న మాటే గాని చూసిందేమీ లేదు. గౌహతి అంటే అతనికొక గోడౌను గేటు. కలకత్తా అంటే ఊరి బయట లారీలు ఆపే చోట మోకాలి లోతు బురద. ఇన్ని గంటలకు మించి నడపకూడదని చట్టంలో ఉంది. తెల్లారేసరికి సరుకు చేరాలని ఓనరు ఫోన్లో ఉంటాడు. ఆ రెండింటిలో ఏది నెగ్గుతుందో లారీ ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. మనం తినే అన్నం, కట్టుకునే గుడ్డ, వేసుకునే మాత్ర, అన్నీ ఎవడో ఒకడి నిద్ర మీంచి దొర్లుకుంటూ వచ్చినవే. ఆ నిద్ర ఎవరిదని మనం అడగం.

చివరికి నడుము అడిగింది. వెన్నులో రెండు పూసల మధ్య అరిగిపోయిందని, కుడికాలి నరం నలుగుతోందని గుంటూరు డాక్టరు చెప్పాడు. "కూర్చుని నిద్రపోవడం ఇంక కుదరదు పెద్దాయనా. రోజూ బల్లపరుపుగా పడుకుని తీరాలి. లేదంటే ఆ కాలు పనిచెయ్యదు," అన్నాడు. లారీ దిగి రెండేళ్ళు బట్టల కొట్టు ముందు వాచ్‌మన్‌గా స్టూలు మీద కూర్చున్నాడు షుకూర్. అదీ కూర్చునే పనే.

అలాంటప్పుడు జగన్నాథరావు కబురు చేశాడు. వేమూరు దగ్గర పొలాలు, తెనాలిలో ఎరువుల వ్యాపారం ఉన్న మనిషి. వ్యాపారం కొడుక్కి ఒప్పజెప్పి, భార్య ప్రమీలారాణితో దేశమంతా చూడాలని క్యారవాన్ కొన్నాడు. వంటగట్టు, ఫ్రిజ్, మంచాలు, బాత్రూం, అన్నీ బండిలోనే. తెనాలి జనం దాన్ని సినిమావాళ్ళ బండి అన్నారు. రహీమున్నీసా మాత్రం ఇల్లుబండి అంది. నాలుగు నెలలు, కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా. దేశమంతా తిరిగిన డ్రైవరు తోడుంటే మంచిదని ఎవరో చెబితే షుకూర్ దొరికాడు. ముందు మూడు రోజులు రేపల్లె, బాపట్ల తిరిగొచ్చి బండికి అలవాటు పడదామన్నారు.

మొదటి పాఠం ఇంటి గేటు దగ్గరే మొదలైంది. బండి ఎత్తు పదకొండడుగులు. వీధిలో కేబుల్ వైర్లు అంతకన్నా కిందికి వేలాడుతున్నాయి. షుకూర్ సీటు కింద నుంచి పంగల కర్ర తీసి జగన్నాథరావు చేతికిచ్చాడు.

"ఇదేంటి?"

"వైర్లు ఎత్తడానికండి. లారీకైతే క్లీనరుంటాడు. ఇక్కడ మీరే క్లీనరండి."

"నేనా? మా వీధిలోనా?"

"కాశ్మీరులోనూ వైర్లుంటాయండి."

తెల్ల లాల్చీ వేసుకున్న జగన్నాథరావు కర్రతో వైర్లు ఎత్తుతూ ముందు నడుస్తుంటే, వెనక బండి పాకుతూ వచ్చింది. మేడ మీద నుంచి ఎవరో, "రావుగారూ, కొత్త ఉద్యోగమా?" అని అరిచారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గాని కర్ర దించలేదు. ఆ పూట షుకూర్‌కు ఆయన మీద కాస్త మంచి అభిప్రాయమే కలిగింది.

రెండో పాఠం వేమూరు మలుపులో. బండి కదిలే ముందు ప్రతి అరకూ గొళ్ళెం పడిందో లేదో చూడాలని చెప్పాడు. ప్రమీలారాణి చూసింది కూడా. కాని స్టీలు క్యానులో ఇడ్లీపిండి రుబ్బి తెచ్చిందని ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. ఎండకీ కుదుపుకీ పిండి పొంగింది. మలుపు తిరగ్గానే మూత ఎగిరి, అర తలుపు సందులోంచి తెల్లగా ధారకట్టింది.

"అయ్యో అయ్యో, ఆపు షుకూర్! రెండు పూటల టిఫిను!"

"కదిలే బండిలో పిండి పెట్టకూడదమ్మగారూ. అటుకులు పెట్టుకోండి, మరమరాలు పెట్టుకోండి. పొంగేదేదీ పనికిరాదు."

"మీ లారీలో ఏం తినేవాళ్ళేంటి?"

"దొరికిందమ్మా."

మూడో పాఠం ఆమె వినలేదు. బాత్రూం ఎలా వాడాలో, కింద ట్యాంకు నిండితే ఎక్కడ ఖాళీ చేయించాలో, బండి అమ్మినవాళ్ళిచ్చిన పుస్తకం చూసి షుకూర్ చెప్పబోతే ఆమె చెవులు మూసుకుంది. "వంటగట్టుకి రెండడుగుల్లో దొడ్డా? మనుషులమా ఏంటి? దాన్నెవరూ వాడకూడదు." ఆ గదిలో రెండు బస్తాల బియ్యం, పప్పు డబ్బాలు పెట్టించి తలుపుకు పసుపు పూసేసింది. దారిలో పెట్రోలు బంకులున్నాయిగా అంది.

సాయంత్రానికి రేపల్లె చేరారు. జగన్నాథరావు బంధువుల రైసుమిల్లు ఆవరణలో బండి పెట్టాడు షుకూర్. చక్రాల కింద చెక్కలు వేసి, నీళ్ళ గ్లాసు లోపల పెట్టి బండి సమంగా ఉందో లేదో చూసుకున్నాడు. అప్పుడు ప్రమీలారాణి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"షుకూర్, మా తలలు ఎటున్నాయి? ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదు."

జగన్నాథరావు సెల్‌ఫోన్లో దిక్సూచి చూశాడు. బండి ఇనుము వల్లో ఏమో అది గిర్రున తిరుగుతోంది. "ఉత్తరం ఎటు షుకూర్?"

షుకూర్‌కు దిక్సూచి అక్కర్లేదు. ఏ ఊళ్ళో దిగినా ముందు పడమర చూసుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. నమాజుకు నిలబడాలి కదా. "ఇటు పడమరండి. అంటే మీ తలలు ఉత్తరానికే ఉన్నాయి," అన్నాడు. చెక్కలు తీసి, బండి తిప్పి, మళ్ళీ చెక్కలు వేశాడు. కుడికాల్లో నరం గుంజింది. అయినా ఫర్వాలేదనుకున్నాడు. ఇంకాసేపట్లో నడుం వాలుస్తాడు.

బొంత చంకన పెట్టుకుని లోపలికొచ్చి బెర్తు తెర తీశాడు.

బెర్తు మీద దేవుడున్నాడు. ఒక్కడు కాదు. ఎర్ర పట్టుగుడ్డ పరిచి, దాని మీద వరసగా ఎనిమిది పటాలు, వెండి కుందులు, అగరొత్తుల పెట్టె, గంట. అన్నీ జారిపోకుండా వైరుతో కట్టి ఎంతో ఒద్దికగా సర్దివుంది.

"అమ్మగారూ, ఇది నా చోటండి."

"నాకు తెలుసయ్యా," అంది ప్రమీలారాణి, నిజంగానే నొచ్చుకుంటూ. "మరి దేవుణ్ణి ఎక్కడ పెట్టను చెప్పు? కింద పెడదామంటే దొడ్డి పక్కనాయె."

"దొడ్డెక్కడుందమ్మా, బియ్యం కొట్టు చేశారుగా."

"బియ్యం పెడితే మాత్రం? పుట్టింది దొడ్డిగానే కదా!"

జగన్నాథరావు మధ్యలోకొచ్చాడు. "రెండు రోజులే కదా షుకూర్. డ్రైవరు సీటు వెనక్కి వాలుతుందిగా. సర్దుకో. తర్వాత చూద్దాం."

సర్దుకో. ఆ మాట షుకూర్ ముప్పై నాలుగేళ్ళుగా వింటున్నాడు. ఆమె పటాలు సర్దింది, బియ్యం సర్దింది, పప్పులు సర్దింది. అన్నీ సర్దగా మిగిలిన సందులో అతను సర్దుకోవాలి. ఒకటే మాట, చివర ఆ 'కో' ఒక్కటే తేడా. ఆ 'కో' ఎప్పుడూ ఒక రకం మనుషులకే తగులుకుంటుంది. మీరు సర్దుకోండి అని జగన్నాథరావుతో అన్నవాడు ఆయన అరవయ్యారేళ్ళ బతుకులో ఎవడన్నా ఉన్నాడా? వాళ్ళ తలలు ఎటుండాలో చూసి బండి తిప్పిందీ అతనే. నీ తల ఎక్కడ పెడతావని ఎవరూ అడగలేదు.

అలసిపోయినవాడికి గొడవపడటం ఇంకో పని. బొంత మడిచి వీపు వెనక పెట్టుకుని సీటులో ఒరిగాడు.

పొద్దున దిగబోతే కుడికాలు నేలకానడం తెలియలేదు. తలుపు పట్టుకుని కాసేపు నిలబడితే గాని తిమ్మిరి వదల్లేదు. చెరుకుపల్లి మీదుగా బాపట్ల దారి పట్టారు. సగం దారిలో ప్రమీలారాణి, "ఎక్కడన్నా బంకులో ఆపు," అంది చిన్నగా. ఆపాడు. ఆడవాళ్ళ బాత్రూంకి తాళం వేసివుంది. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడట. ఇంకో బంకులో తలుపుంది గాని నీళ్ళు లేవు. మూడో బంకులో బాత్రూమే లేదు.

"దేశమంతా తిరిగానన్నావు, ఆడవాళ్ళకి పనికొచ్చే చోటు ఒక్కటి తెలీదా?" అంది ఆమె, ఏడుపు కోపంలోకి దింపుకుని.

"మా బళ్ళలో ఆడవాళ్ళెప్పుడూ లేరమ్మా. మగాళ్ళం, చెట్టు చాటు చూసుకున్నాం," అన్నాడు షుకూర్. అన్నాక సిగ్గుపడ్డాడు. ఈ రోడ్ల మీద ఇన్నేళ్ళూ బస్సుల్లో వెళ్ళిన ఆడవాళ్ళంతా ఏం చేశారో అతనికెప్పుడూ తట్టలేదు.

ఇంక ఆగలేకపోయింది ఆమె. పిట్టలవానిపాలెం దాటాక బండి పక్కకు తీయించి, పసుపు పూసిన తలుపు తెరిపించింది. బియ్యం బస్తాలు ఇద్దరు మగాళ్ళూ ఈడ్చి భోజనాల బల్ల పక్క బెంచీల మీద పడేశారు. షుకూర్ నడుము కలుక్కుమంది. ఆమె బయటికొచ్చాక కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా కిటికీ దగ్గర కూర్చుంది. ఆ తర్వాత బాపట్ల చేరేలోపు ఆ తలుపు ఇంకోసారి తెరుచుకుంది. పసుపు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సూర్యలంక దగ్గర సముద్రం వాళ్ళు చూశారు. షుకూర్ బండి తిప్పాడు, వాళ్ళ తలలు తూర్పుకు పెట్టాడు, చెక్కలు వేశాడు. రెండో రాత్రీ సీటులోనే గడిచింది.

మూడో రోజు తిరుగు ప్రయాణం. పొన్నూరు దాటాక తెనాలి అడ్డరోడ్డు తవ్వేశారని తెలిసి చేబ్రోలు, నారాకోడూరు మీదుగా తిరిగొచ్చారు. మధ్యాహ్నం ఎండ. పక్కన కాలవ, ఎదురుగా నల్లటి రోడ్డు, వెనక ఏసీ చప్పుడు. సంగం జాగర్లమూడి దగ్గర షుకూర్ కళ్ళు మూతపడ్డాయి. రెప్పపాటే. తెరిచేసరికి ఎడమ చక్రాలు మట్టిలో పరుగెడుతున్నాయి. కాలవ నీళ్ళు అద్దం నిండా కనిపించాయి. స్టీరింగు కుడికి కోసి, బ్రేకు తొక్కాడు. లోపల గంట ఒక్కసారి ఖంగుమంది.

బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

షుకూర్ ఇంజను ఆపి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, బొంత తీసుకుని దిగాడు.

"ఏంటి షుకూర్, టైరు పోయిందా?" అంటూ వెనకే దిగాడు జగన్నాథరావు.

"లేదండి. నిద్రొచ్చింది."

"తెనాలి ఇంకెంత, పది కిలోమీటర్లు లేదు! ఇంటికెళ్ళి పడుకుందువుగాని."

"ఆ పది కిలోమీటర్లలోనేనండి మావాళ్ళు చాలామంది పోయింది."

వంగడానికి బండి మీద చెయ్యి ఆనించాడు. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, బండి కింద రెండు చక్రాల మధ్య నీడలో ఆరడుగుల బొంత పరిచాడు. కాళ్ళు పడమరకు రాకుండా చూసుకున్నాడు. వెల్లకిలా పడుకుని, వెన్ను నేలకు ఆనగానే, ఒక పూస తర్వాత ఒక పూస నేలకు దిగుతున్నట్టు అనిపించి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"లేవయ్యా, జనం చూస్తున్నారు! లోపలికి రా!"

"లోపల చోటేదండి?"

అంతలో ఇటుకల లారీ ఒకటి పక్కన ఆగింది. దాని డ్రైవరు ఏసుపాదం, ఒకప్పుడు షుకూర్ దగ్గర క్లీనరుగా చేసినవాడు. దిగొచ్చి వంగి చూశాడు.

"షుకూరన్నా! నువ్వేనా? ఏ బండి తోలినా నీ పడక మాత్రం మారదేంటన్నా?"

"అలవాటైన ఇల్లు కదరా," అన్నాడు షుకూర్ కళ్ళు తెరవకుండా.

ఏసుపాదం లేచి కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. "అబ్బో, మంచాలే మంచాలు! ఇదిగో, ఈ బెంచీల మీద పడుకున్నదెవరు సార్?"

"బియ్యం," అన్నాడు జగన్నాథరావు.

"బియ్యమా! మరి పైన?"

"దేవుడు," అంది లోపలి నుంచి ప్రమీలారాణి.

"దేవుడు పైన, బియ్యం మధ్యన, డ్రైవరు కింద. బాగానే సర్దారండి." ఏసుపాదం వెటకారంగా అన్నాడో మామూలుగా అన్నాడో తేల్చుకోవడం కష్టం. తన లారీలోంచి రెండు ఇటుకలు తెచ్చి బండి చక్రాల ముందు పెట్టాడు. "కదలదులే అన్నా, పడుకో," అని వెళ్ళిపోయాడు.

షుకూర్ అప్పటికే నిద్రలో ఉన్నాడు.

బండి కింద మనిషి పడుకుంటే బండి కదలదు. తోలగలిగినా కదిలించలేరు, వాళ్ళకు తోలడమే రాదు. ఇంజను లేక ఏసీ ఆగింది. లోపల ఉడికిపోయింది. జగన్నాథరావు కాలవ గట్టు మీద తువ్వాలు నెత్తినేసుకుని కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళు సైకిలు ఆపి మరీ కిందికీ పైకీ చూసి వెళ్తున్నారు. ఆయన చాలాసేపు గట్టు మీద గడ్డి పీకి, చివరికి భార్యతో, "ఇందాక ఆ కాలవలో పడుంటే..." అని ఆపేశాడు.

"నాకు తెలుసు," అంది ఆమె. "గంట మోగింది విన్నాను."

షుకూర్ లేచేసరికి నీడ రోడ్డు దాటింది. పైకెక్కితే బెర్తు ఖాళీగా ఉంది. పటాలన్నీ ప్రమీలారాణి ఒళ్ళో ఉన్నాయి.

"ఎక్కి పడుకుని చూడు, సరిపోతుందో లేదో," అంది ఆమె.

నిచ్చెన నాలుగు మెట్లు. షుకూర్ రెండో మెట్టు దాకా ఎక్కాడు. మూడో మెట్టుకు కాలెత్తబోతే నడుము పట్టేసింది. ముందుకూ పోలేక వెనక్కూ రాలేక, రెండు చేతులతో బెర్తు అంచు పట్టుకుని వేలాడినట్టు నిలబడిపోయాడు. మొదటిరోజైతే ఎక్కగలిగేవాడేమో. సీటులో గడిపిన రెండు రాత్రులు ఆ రెండు మెట్లూ మింగేశాయి. జగన్నాథరావు వెనక నుంచి నడుం దగ్గర పట్టుకుని దించాడు. మూడు రోజుల్లో ఆయన అతన్ని తాకడం అదే మొదలు.

తర్వాత జగన్నాథరావే బియ్యం బస్తా చెవులు పట్టుకుని బెంచీ మీద నుంచి ఈడ్చాడు. "ఈ బల్ల కిందికి దిగితే మంచమవుతుందన్నాడుగా బండి అమ్మినవాడు. ఎలాగో చూపించు."

"కింద మీట ఉంటుందండి. నొక్కి దించాలి."

బల్ల దిగింది. రెండు బెంచీల మధ్య సరిగ్గా కూర్చుంది. దాని మీద పరిస్తే బొంత ఒక చివర అరడుగు ఎక్కువొచ్చింది.

ప్రమీలారాణి పటాలు తీసుకెళ్ళి మళ్ళీ పై బెర్తు మీద ఒక్కొక్కటే పెట్టింది. దేవుడి చోటు దేవుడికి దక్కినందుకు ఆమె మొహంలో తేలిక కనిపించింది. తర్వాత కింద మంచం వైపు, దానికి నాలుగడుగుల్లో ఉన్న తమ పడక వైపు చూసి, "మధ్యలో కర్టెన్ కట్టించాలి," అంది.

"కట్టించండమ్మా," అన్నాడు షుకూర్.

అతని మీద జాలి కలిగి ఇచ్చిన చోటు కాదది. అతను లేవకపోతే బండి కదలదని తెలిశాక ఇచ్చిన చోటు. షుకూర్‌కు ఆ తేడా బాగా తెలుసు. నడుముకు తెలియదు.

ఇంటికెళ్ళేసరికి రహీమున్నీసా గుమ్మంలోనే అడిగింది. "బెర్తు ఎలా ఉంది? బొంత సరిపోయిందా?"

అతను మంచం మీద వాలి జరిగిందంతా చెప్పాడు. ఆమె బొంత దులిపి, అంటుకున్న కాలవ గట్టు మట్టి గోటితో గీకి, జేనతో కొలిచింది.

"అరడుగు ఎక్కువైందా?"

"ఊఁ. కోసెయ్యి."

ఆమె కత్తెర అందుకోలేదు. సూది తీసుకుంది. చివర అరడుగు లోపలికి మడిచి, లాగితే ఊడొచ్చేలా వదులుగా కచ్చాకుట్టు వేసింది.

"కొయ్యను," అంది. "మీరు బయల్దేరేలోపు వాళ్ళ మనసు మారి, మళ్ళీ బండి కింద పరుచుకోవాల్సొస్తుందేమో."

షుకూర్ కుడికాలు చాపుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.